బాబాయి ఎక్స్‌పోర్ట్ ప్లాను

హోసూరు బస్టాండు దాటాక రాయకోట రోడ్డు మలుపులో ఆయన ఫ్లెక్సీ కనబడింది. ఈ ఊళ్లో మనిషి పోతే ఏడుపు వినబడే కంటే ముందు ఫ్లెక్సీ కనబడుతుంది. పైన అరవంలో కన్నీటి అంజలి, మధ్యలో ఫోటో, ఫోటో చుట్టూ పావురాలు. షేర్ ఆటో కోసం నిలబడ్డ నేను, ఎవరో పాపం అనుకుని తల తిప్పుకోబోయి ఆగిపోయాను. ఆ ముక్కు నాకు తెలుసు. ముక్కు కింద ఉన్నదే తెలియదు. నల్ల కోటు, ఎర్ర టై! జన్మలో చొక్కా పై గుండీ పెట్టుకోని మనిషికి ఏ కంప్యూటర్ సెంటర్ కుర్రాడో కోటు తొడిగి, టై బిగించి, పావురాల మధ్య నిలబెట్టాడు. ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి పక్కన పూలమ్మే ఆవిడ కంగారుపడి ఏమైందని అడిగింది. మా బాబాయి కోటు వేసుకున్నాడని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పూలు కట్టుకోవడంలో పడింది.

పేరు రాయను. పేరు రాస్తే ఆయన ఒప్పుకోడు, ప్లాను బయటపడిపోతుందని భయం. ఫ్లెక్సీలో పేరు కింద 'చైర్మన్, సిల్క్ ఎక్స్‌పోర్ట్ సంఘం' అని వేశారు. ఆ సంఘం ఏ ఆఫీసులోనూ లేదు. అందులో సభ్యులం ఆయనా, ఆయన భార్యా, నేనూ. నన్ను ఎవరూ అడిగి చేర్చుకోలేదు.

ఆయన్ని మొదట చూసింది బస్సులో. అప్పటికి నేను ఒంగోలు నుంచి వచ్చి హోసూరులో బండ్ల విడిభాగాల కంపెనీలో, సరుకు విదేశాలకు పంపే సెక్షన్లో చేరి కొద్దికాలమే అయింది. మా ఆయనకు పని రాయకోటలో, నాకు హోసూరులో. మధ్యలో ఉంటుందని ఉద్దనపల్లిలో ఇల్లు తీసుకున్నాం. ఆ సాయంత్రం బస్సెక్కితే ఆడవాళ్ల సీట్లో ఒక పెద్దాయన, ఒళ్లో తడిగుడ్డ కప్పిన బుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. సరే పెద్దాయన కదా అని పక్కన కూర్చున్నాను. ఆయన ముక్కు నావైపు తిప్పి, రెండుసార్లు గాలి పీల్చి, "అమ్మా, పౌడరు పూసుకోని ఉండావు. రవంత అట్ల జరుగు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇది లేడీస్ సీటండీ. లేవాల్సింది మీరు" అన్నాను.

"నేను లేస్తానమ్మా, నాదేముండాది. ఈళ్లకు కుదుపు పడదు" అని బుట్ట మీద గుడ్డ ఎత్తి చూపించాడు. "పసిబిడ్లు. ఇప్పుడిప్పుడే పుట్టినారు."

వంగి చూశాను. తరిగిన ఆకు మీద, వెంట్రుక ముక్కల్లాంటి నల్ల పురుగులు, లెక్కలేనన్ని. కెవ్వుమన్నాను. బస్సంతా తిరిగి చూసింది. "అరవద్దమ్మా, అదురుకుంటారు" అని ఆయన గుడ్డ కప్పేశాడు. నేను అదిరిపోయిన సంగతి ఆయన లెక్కలోకి రాలేదు.

అంతటితో అయిపోవాల్సిందే. నా మెడలో కంపెనీ కార్డు ఉండటం నా ఖర్మ. ఆయన ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని, "ఎక్స్‌పోర్టా?" అన్నాడు. అవునన్నాను. ఏం పంపిస్తావన్నాడు. బోల్టులన్నాను. యాడికన్నాడు. జర్మనీకి అన్నాను. ఉద్దనపల్లిలో దిగేటప్పుడు, బుట్ట గుండెకు హత్తుకుని, "ఇనుము పోయే దేశానికి పట్టు పోకుండా పోతుందామ్మా?" అని అడిగాడు. పోతుందిలెండి అన్నాను, వదిలించుకుందామని. తెల్లారేసరికి మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. "ఎక్స్‌పోర్టమ్మా, రా. ప్లాను వేస్తాం" అన్నాడు. నేనింకా పళ్లు కూడా తోముకోలేదు.

బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టింది నేనే. మా వైపు అలవాటు. ఆయనకు అది వింతగా ఉండేది. "బాబాయంటే చిన్నాయనే కదా? నేను మీ నాయన కంటే పెద్దోణ్ణి, నన్ను చిన్నాయన్ని ఎట్ల చేసినావు?" అని నవ్వేవాడు. నవ్వు కూడా చప్పుడు లేకుండానే, భుజాలు మాత్రం ఊగేవి.

చప్పుడు లేకపోవడానికి కారణం ఉంది. పట్టుపురుగు పెరిగే దారిలో నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, పాత చర్మం విడిచేదాకా కదలకుండా ఉండిపోతుంది. దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగుల్ని కదిలించకూడదు, అంతే. ఆయన ఇంకొంచెం ముందుకెళ్లి, వాటికి మాట కూడా వినబడకూడదని రూలు పెట్టాడు. జ్వరం వచ్చిందంటే ఆ ఇంట్లో మిక్సీ తిరగదు, కుక్కరు కూయదు, టీవీలో సీరియల్ బొమ్మలు నోళ్లు కదుపుతుంటాయి గానీ మాట రాదు. ఆయన భార్యని నేను పిన్ని అనేదాన్ని. పిన్నికి ఆ సీరియల్ కథ మొత్తం తప్పుగా తెలుసు. విలన్ని మంచివాడనుకుని చాలాకాలం ఏడ్చింది.

మనుషుల్ని ఆయన ముక్కుతో పలకరించేవాడు. సెంటు, బీడీ, పౌడరు, దోమల మందు, ఏ వాసన తగిలినా పురుగు చెడుతుందని, ఎవరొచ్చినా ముందు మెడ చాపి వాసన చూసేవాడు. కొరియర్ అబ్బాయిని వాసన చూశాడు. ఓట్లకు వచ్చిన అభ్యర్థిని చూసి, "నువ్వు ఆడనే నిలబడి చెప్పప్పా, ఓటు వేస్తాను" అన్నాడు. ఒక పెళ్లికి వెళ్లి, అక్షతలు వేయబోతూ పెళ్లికొడుకు దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చి, అక్షతలు పెళ్లికూతురి తల మీద మాత్రమే వేసి వచ్చేశాడు. ఇంటికొచ్చి స్నానం చేస్తే సరిపోదా అని అడిగాను. "ఆ సెంటు నీళ్లకు పోయేది కాదమ్మా" అన్నాడు.

ఇక ప్లాను. "ముందు ప్లాను, తర్వాతే పని" అనేది ఆయన మంత్రం. ఒకప్పుడు ఆ పల్లెల్లో ఇంటికో షెడ్డు ఉండేదట, పట్టుగూళ్లు బండికెత్తి కృష్ణగిరి అంగడికి పోయేవట. ఇప్పుడు చుట్టూ టమోటా, బీన్సు, గులాబీలు. మల్బరీ తోట మిగిలింది ఆయనదొక్కటే. అందరి చేతా మళ్లీ మల్బరీ పెట్టించాలి, గూడు మనదే, దారం తీసేదీ మన ఊళ్లోనే, ఆ దారం నేరుగా దేశం దాటాలి. ఇదీ ప్లాను. వినడానికి బాగానే ఉంది కదా? కానీ దాన్ని ఆయన ఎక్కడా రాయనివ్వడు. రాస్తే చైనావాళ్లు చూస్తారు. ఉద్దనపల్లిలో చైనావాళ్లు ఎవరున్నారు బాబాయ్ అంటే, "ఉండేది కనబడితే వాళ్లు చైనావోళ్లు ఎట్లయితారు?" అనేవాడు.

కాబట్టి మీటింగులన్నీ షెడ్డు వసారాలో, గుసగుసల్లో. జ్వరం ఉంటే పురుగుల కోసం, జ్వరం లేకపోతే చైనా కోసం. సోమవారాలు కృష్ణగిరి కలెక్టరాఫీసులో జనం గోడు వింటారు కదా, అక్కడికీ పోయేవాడు. కాగితం ఉండదు, చేతులూపుకుంటూ పోయి వరసలో నిలబడి, ముందున్న వాళ్ల గోడు అంతా విని, తన వంతు రాగానే పక్కకు తప్పుకునేవాడు. ఎందుకంటే, "ఆయమ్మకు ఇంటి దారి మూసేసినారంట, పాపం. ఆ పక్కన ఇంగొకాయనకు కరెంటు లేదంట. వాళ్ల ముందర నేను పట్టంటే బాగుంటాదామ్మా?" అనేవాడు. మళ్లీ సోమవారం బయల్దేరేవాడు.

ఏ దేశానికి పంపాలనేదాని మీద చాలా చర్చ నడిచింది. నేను చెప్పిన దేశాలన్నీ ఆయన చలిని బట్టి తూచాడు. ఆడ చలి ఉంటాదా, ఆడోళ్లు చెవులు కప్పుకుంటారా, పెళ్లికి ఏమి కట్టుకుంటారు. తెల్లగౌను అన్నాను. "తెలుపా? పెళ్లికి తెలుపు కట్టుకునే దేశం మనకొద్దు" అన్నాడు. ఆ లెక్కన యూరప్ మొత్తం పోయింది. తర్వాత పిన్ని, "మన పట్టు చూస్తే వాళ్లే రంగు కట్టుకుంటారు, ఉండనీండి" అని గుసగుసగా చెప్పి యూరప్‌ని వెనక్కి తెచ్చింది.

ఒక ఆదివారం రిహార్సల్ పెట్టాడు. నేను జర్మనీ. పిన్ని విమానాశ్రయంలో ఆఫీసరు. ఆయన పట్టు మూట నెత్తిన పెట్టుకుని పెరటి గుమ్మంలోంచి రావాలి, ఆఫీసరు నాలుగు ప్రశ్నలడిగి వదలాలి, మూట నా ఒళ్లో పడాలి. పురుగులు జ్వరంలో ఉన్నాయి కాబట్టి అంతా గుసగుసల్లోనే.

"మూటలో ఏముండాది?" అంది పిన్ని.

"పట్టు."

"ఎవరిది?"

"మనదే కదే."

"కదే గిదే అనద్దు, నేను ఆఫీసర్ని. మనదని ఏమి గుర్తు?"

ఆయన ఇరుక్కుపోయాడు. ఇన్నేళ్లూ చెప్పిన మాట వినని మొగుడు చేతికి చిక్కితే ఏ ఆడది వదులుతుంది? పిన్ని మూట దింపించింది, విప్పించింది, మళ్లీ కట్టించింది. "గొడ్ల కొట్టం మీద రేకు ఎప్పుడు మారుస్తావు?" అని అడిగింది.

"దానికీ ఎక్స్‌పోర్టుకూ ఏమి సంబంధమే?"

"ఆఫీసరు ఏమైనా అడగొచ్చు. చెప్పి ముందుకు పో."

రేకు మారుస్తానని ఆయన ఒప్పుకోలేదు, ఆఫీసరు వదల్లేదు. జర్మనీకి ఆ రోజు పట్టు అందలేదు. మజ్జిగ అందింది. తాగి ఇంటికొచ్చాను.

ఇదంతా ఆటలాగే ఉండేది, మునిరాజు ఆ మాట అనేదాకా. మునిరాజు వాళ్లబ్బాయి. చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. దగ్గర్లోని గులాబీల గ్రీన్‌హౌస్‌లో సూపర్‌వైజరు. వాళ్ల పూలు బెంగళూరు వెళ్లి విమానమెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. అంటే ఆ ఇంట్లో కొడుకు నోరు మూసుకుని ఎక్స్‌పోర్ట్ చేస్తున్నాడు, నాన్న ప్లాను వేస్తున్నాడు. పూలకు మందులు కొడతారు కాబట్టి మునిరాజు పని నుంచి రాగానే బోరు దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, తండ్రి వాసన చూశాకే లోపలికి రావాలి. పెళ్లీడు దాటుతున్న మగవాడు రోజూ సాయంత్రం తలుపు దగ్గర మెడ వంచి నిలబడి వాసన చూపించుకోవడం, పాపం, నేనే చూశాను.

ఆ సాయంత్రం అతను వసారా మెట్టు మీద కూర్చుని చెప్పాడు. "నాయనా, నీ ఒక్కడి తోటకు పురుగు గుడ్లు తెచ్చేదానికి అంత దూరం పోతా ఉండావు. నీకు మోకాళ్లు లేవు. నేను ఈ నేలలోనే గ్రీన్‌హౌస్ వేస్తాను. ఒక్క మాట. ఎక్స్‌పోర్టమ్మ ఎవరో బెంగళూరు సారుకు చెప్పింది కదా. ఆ సారు వచ్చి మన పట్టు కావాలంటే తోట ఉండనీ, నేను నోరెత్తను. వద్దంటే ఈ పంటతో సరి, మల్బరీ పీకేస్తాం. సరేనా?"

"సరే" అన్నాడు బాబాయి, వెంటనే. నాతో మాత్రం, అతను లోపలికి వెళ్లాక, "తోట పోతే నేను పొద్దున లేసి ఎవరికి ఆకు వేసేదమ్మా?" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం గుసగుస కాదు. బెంగళూరు సారు నిజమే. మా సరుకు పంపే ఏజెంటుకు తెలిసినాయన, పట్టు గుడ్డ విదేశాలకు పంపే వ్యాపారి. ఈ పోరు పడలేక ఒకసారి ఆయనకు ఫోన్ చేసిన మాటా నిజమే. ఆయన నిజంగా వస్తాననడం మాత్రం నేను ఊహించలేదు.

వస్తానన్న మనిషిని రప్పించడానికే తాతలు దిగొచ్చారు. సారు ఏ రోజు చెప్పినా బాబాయి, "జ్వరంలో ఉండారు, ఇప్పుడొద్దు" అనేవాడు. రెండోసారీ అదే మాట. సారు నాకు ఫోన్ చేసి, ఇంటిల్లిపాదికీ ఇన్నాళ్లుగా జ్వరమేమిటమ్మా, మంచి డాక్టరుకు చూపించకూడదా అని బాధపడ్డాడు. చివరికి నాలుగో జ్వరం లేచాక, పురుగులు పగలూ రాత్రీ ఆకు తినే రోజుల్లో ముహూర్తం కుదిరింది.

సారు రాష్ట్ర సరిహద్దు జూజువాడి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఆలస్యంగా వచ్చాడు. కారు తలుపు తెరవగానే సెంటు వాసన గేటు దాకా వచ్చింది. బాబాయి రెండు చేతులూ పైకెత్తి, ట్రాఫిక్ పోలీసులాగా, "సార్, ఆడే! ఆడే నిలబడండి!" అన్నాడు. సారుకు తెలుగు బాగా వచ్చు, కన్నడం కలుస్తుంది అంతే. "ఏమాయితప్పా?" అన్నాడు బెదిరిపోయి.

"తప్పుగా అనుకోకండి సార్. స్నానం చేయాల."

నేను చచ్చిపోయాను అనుకున్నాను. సూటు కాదుగానీ ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకున్న పెద్దమనిషిని బోరు తొట్టి దగ్గరికి తీసుకుపోయారు. సబ్బు కూడా వాసనేనని పిన్ని శెనగపిండి ఇచ్చింది. ఆయన డ్రైవరు ఇదంతా నమ్మలేక కారులోనే కూర్చుని తలుపులు లాక్ చేసుకున్నాడు. కాసేపటికి సారు బాబాయి పంచె కట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని, తడి తలతో వచ్చాడు. కోపంగా ఉంటాడనుకుంటే, "మా తాత ఇట్లే స్నానం చేయిస్తా ఉండె" అని మురిసిపోతున్నాడు. బాబాయి వాసన చూసి సరేనన్నాడు.

అప్పుడే మునిరాజు బండి మీద వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే బోరు దగ్గరికి పోయి, తనూ స్నానం చేసి, సంచీలోంచి ఎర్ర గులాబీల దండ తీశాడు. "సారుకు వెయ్యి నాయనా. పొద్దున కోసింది. ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ." తోట పీకేద్దామన్న కొడుకు, తండ్రి పరువు కోసం డ్యూటీ మధ్యలో పూలు తెచ్చాడు. పిన్ని కళ్లు తుడుచుకుంది. బాబాయి దండ ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో పువ్వూ తిప్పి తిప్పి వాసన చూశాడు. గ్రీన్‌హౌస్ గులాబీకి అసలు వాసనే ఉండదు. "ఏమీ లేదు. పాపం, పువ్వయితే అయినాదిగానీ. వెయ్యి, పరవాలేదు" అన్నాడు.

దండ వేసుకున్న సారు షెడ్డు గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు. దిష్టి. కొత్త మనిషి కన్ను పడితే పురుగు గూడు కట్టదని ఆ ఇంటి నమ్మకం. నన్నే చాలాకాలం లోపలికి రానివ్వలేదు. సారేమో పురుగుల్ని చూడటానికే వచ్చాడు. చూపించకపోతే తోట పోతుంది, చూపిస్తే పంట పోతుంది. బాబాయి చాలాసేపు ఆలోచించి, ఒక కుర్చీ తెచ్చి, షెడ్డు లోపల గోడవైపు తిప్పి వేశాడు. సారుని గోడకు ముఖం పెట్టి, పురుగుల తట్టలకు వీపు పెట్టి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు వినండి సార్" అన్నాడు.

"ఏమి వినేది?"

"తింటా ఉండారు."

పిన్ని తట్టల మీద ఆకు పరిచింది. ముందు ఏమీ లేదు. తర్వాత మొదలైంది. కొట్టం రేకు మీద సన్నని వాన పడుతున్నట్టు, షెడ్డు నిండా ఒకటే చప్పుడు. వేల నోళ్లు ఆకు కొరికే చప్పుడు. బెంగళూరు పెద్దమనిషి, పంచె కట్టుకుని, దండ వేసుకుని, సున్నం గోడను చూస్తూ, ఎక్స్‌పోర్ట్ ఒప్పందం కోసం వింటున్నాడు. నేను నవ్వాపుకోలేక బయటికి పారిపోయాను. తిరిగి వచ్చేసరికి సారు కళ్లు మూసుకుని ఉన్నాడు. "ఇంత కాలం పట్టు అమ్మినాను, ఇది ఒక దినమూ వినలేదు" అన్నాడు. నవ్వు పోయి నాకు గర్వంగా అనిపించింది, ఎందుకో.

ఉక్కగా ఉందని సారు దండ తీస్తే, బాబాయి అందుకున్నాడు. సంతోషంతో ఆయనకు కాళ్లు నిలవడం లేదు. ఆ దండను ఆకుల గదిలోకి తీసుకుపోయి, కోసిన మల్బరీ ఆకు వాడకుండా కప్పే తడి గోనెపట్టా మీద పరిచాడు. "సన్మానం సారు ఒక్కరికే ఏల? మన ఆకుకు కూడా" అన్నాడు.

రెండు రోజులకు ఆఫీసులో ఉండగా సారు ఫోన్ చేశాడు. గూళ్లు ఎంత అయితే అంత తీసుకుంటాను, దారం కూడా అక్కడే తీయిద్దాం, మిగతా రైతులతోనూ మాట్లాడదాం అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పర్మిషన్ పెట్టి, మైసూర్‌పాకు కట్టించుకుని, బస్సెక్కాను. నాకెందుకంత ఆనందమో! బోల్టులు ఎన్ని ఓడలెక్కినా ఎప్పుడూ అలా అనిపించలేదు.

వసారాలో పిన్ని కూర్చుని ఉంది. అలవాటుగా గుసగుసగా, "బాబాయి ఏడీ?" అన్నాను.

"గట్టిగానే మాట్లాడమ్మా. ఇంగ ఏమయితాది" అంది పిన్ని.

షెడ్డులో చప్పుడు లేదు. తట్టల నిండా పురుగులు పచ్చ నీళ్లు కక్కి, మెలికలు తిరిగి పడి ఉన్నాయి. బాబాయి వాటిని చేటలోకి ఎత్తుతున్నాడు. మునిరాజు గడప మీద తల పట్టుకుని ఉన్నాడు. నాకేం చేయాలో తోచక, ముందు సారుకే ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన అయ్యో అయ్యో అని, "పోనీలేమ్మా, రైతు పని అంటే అంతే. ఇంకో పంట చూద్దాం, నాకు తొందర లేదు. ఆయనకివ్వు, నేనే చెప్తాను" అన్నాడు. ఫోన్ బాబాయికిచ్చాను.

ఆయన విన్నాడు. ముఖం ఒక్క క్షణం వెలిగింది, నేను చూశాను. తర్వాత గడప మీది కొడుకువైపు చూశాడు. ఆ తర్వాత, జన్మలో గొంతెత్తని మనిషి, ఊరు వినేలా అరిచాడు. "నీ కన్ను తగిలే సార్ నా పురుగులు చచ్చింది! ఇంగ నా గడప తొక్కద్దు! నీ ఎక్స్‌పోర్టూ వద్దు, ఏమీ వద్దు!" అని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

"బాబాయ్, ఆయన గోడ చూశాడు! ఒక్క పురుగునీ చూడలేదు!" అన్నాను నేనూ అరుస్తూ.

"కొందరికి వీపులో ఉంటాదమ్మా కన్ను" అన్నాడు. అని నా చెయ్యి పట్టుకుని ఆకుల గదిలోకి లాక్కుపోయి తలుపు వేశాడు. గోనెపట్టా మీద దండ నల్లబడి ఉంది. "పూలకు మందు కొట్టినారమ్మా. నా ముక్కుకు చిక్కలేదు. తడికి దిగి ఆకుకు పట్టింది. నా చేత్తో నేనే పరిచినాను, నేనే ఆకు వేయించినాను."

"అయితే సారునెందుకు తిట్టారు? ఆయన ఇంకో పంట అన్నాడుగా! తోట నిలబడేదిగా!"

"ఈ పంటకు ఏమయింది అని మునిరాజు అడగడా? పూలు తెచ్చింది వాడే. తెలిస్తే వానికి అన్నం దిగుతాదా?"

"తెగులని చెప్పొచ్చుగా!"

"తెగులయితే పురుగు వేరే రంగు తిరుగుతాది. పురుగుల మధ్యనే పుట్టినోడు, నమ్మడు. దిష్టికి రంగు లేదమ్మా. దిష్టి పెట్టినోనికే మళ్లీ పంట ఇస్తానంటే అదీ నమ్మడు. తోట పోతే పోనీ. వాడు నా బిడ్డ." ఒంటి మీది తువ్వాలుతో ముక్కు గట్టిగా తుడుచుకున్నాడు. "నోరు జారద్దు" అన్నాడు. నేను ఏడుస్తూ సరేనన్నాను. మైసూర్‌పాకు సంచీలోనే ఉండిపోయింది.

మాట ప్రకారం జేసీబీ వచ్చింది. మల్బరీ వేళ్లు పాతవి, లోతుగా పోయినవి, ఊడి రావడానికి పొద్దంతా పట్టింది. బాబాయి గట్టు మీద నిలబడి డ్రైవరుకు అటు తవ్వు, ఇటు తవ్వు అని చేయి చూపించాడు. మునిరాజు ముందు ఒక్క చుక్క రానివ్వలేదు. గ్రీన్‌హౌస్ లేచాక కూడా ఆయన ప్లాను మానలేదు. నేను హోసూరుకు ఇల్లు మారాను. అయినా అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు, నార్వే చలి ఎట్ల ఉంటాదమ్మా అని. గొంతు తగ్గించి, చైనావాళ్లు వినకుండా.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు వెళ్లాను. గుండు చేయించుకున్న మునిరాజు కుర్చీ వేశాడు. పిన్ని లోపల పడుకుని ఉందన్నాడు. పొలమంతా ప్లాస్టిక్ కప్పు, లోపల గులాబీలు. కాసేపు ఆయన గురించి చెప్పుకుని నవ్వుకున్నాం, రిహార్సల్ సంగతి, సారు స్నానం సంగతి. నవ్వుతూ నవ్వుతూనే మునిరాజు గొంతు మారింది.

"ఆ పొద్దున పూలకు మందు కొట్టించింది నేనేమ్మా. కొత్తగా మందు పడిన పూలు మెరుస్తా ఉంటాయి. నాయన సారుకు కదా అని అవే ఏరి ఏరి తెచ్చినాను. పురుగును చూస్తానే తెలిసిపోయింది. నాయనేమో దిష్టి, దిష్టి అని అరుస్తా ఉండాడు. నేనూ అవును నాయనా, దిష్టే అనేసినాను. ఇన్నేళ్లూ నోరు తెరవలేదు. ఆయనకు తెలీకుండానే పోయినాడు. అదొక్కటే నాకు నిమ్మళం."

"అవునప్పా. దిష్టే అనుకున్నాడు" అన్నాను.

అతను తలూపి, "ఆ దినం ఫోన్లో ఆ సారు ఏమన్నాడమ్మా? నాయన అరుపుల్లో నాకు వినబడలేదు. ఇంగో పంట ఏమన్నా అడిగినాడా? అడిగుంటే నాయన ఊరికే తోట వదలడు కదా?" అన్నాడు. అడిగి, నా ముఖంలోకే చూస్తున్నాడు.

"లేదప్పా" అన్నాను. "వద్దనే అన్నాడు."